పోలిష్ మీమ్స్ ఇన్నేళ్ళయినా ఎందుకు పాతబడట్లేదు? మీ అనుభవాలు చెప్పండి (చర్చ)

వార్సా_వెంకట్
మా టీమ్‌లో నేనొక్కడినే తెలుగువాణ్ణి, మిగతా అందరూ పోలిష్ వాళ్ళే. గ్రూపులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీమ్స్ పడుతూనే ఉంటాయి. పెద్ద ముక్కు కోతి, పసుపు మొహం పోప్, 21:37 అనే అంకె, స్వెటర్ వేసుకున్న బియావిస్టోక్ పెద్దాయన. అన్నీ ఏళ్ళనాటి సరుకే. అయినా ఇవాళే పుట్టినట్టు పగలబడి నవ్వుతారు. కథ ఉండదు, పంచ్ ఉండదు, ఒక్కోసారి మాట కూడా ఉండదు. మన దగ్గర ఒక టెంప్లేట్ రెండు సినిమాల కాలం బతికితే గొప్ప. ఈ అర్థంపర్థం లేని హాస్యం ఇక్కడ ఇంతకాలం ఎలా నిలుస్తోంది? ఆఫీసులో ఏవి పంపొచ్చు, ఏవి పంపకూడదు? పోలిష్ అంతంతమాత్రం వచ్చినవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

పాలమూరు_పిలగాడు
మన దగ్గర పాతబడ్తయని ఎవరు చెప్పిన్రన్నా నీకు? బ్రహ్మానందం మొహం లేకుండ ఒక్క రోజు గడుస్తదా తెలుగోళ్ళకు? ఆ మాట వెనక్కి తీస్కో ముందు.

ఇగ పోలిష్ సంగతంటవా, నాకైతే బీవర్ వీడియో ఒక్కటి చాలు. ఎవరో ఒకాయన దారిల పోతుంటే గడ్డిల బీవర్, గదే పెద్ద ఎలుకలెక్కుండే నీటి జంతువు, కనబడ్తది. ఫోన్ ఊగిపోతుంటది, ఆయన గొంతు ఆయన మాట ఇనదు. ఎంత పెద్దగున్నవురా, పారిపోకురా, నా దగ్గరికి రారా అని నోటికొచ్చిన బూతులన్నిట్ల బతిమిలాడ్తడు. బీవర్ మాత్రం ఆయన దిక్కు సూడనన్న సూడదు, దాని పని మీద అది పోతనే ఉంటది. గంతే. 2023, 24ల ప్రపంచమంతా చుట్టొచ్చింది ఆ ముక్క. నాకు అప్పటికి పోలిష్ ఒక్క ముక్క రాదు, అయినా కళ్ళెంట నీళ్ళొచ్చేదాక నవ్విన. ఆ మనిషి సంబురం అంత నిజం. మీమ్‌కు కథెందుకన్నా?

లావణ్య_వ్రోత్సవాఫ్
వెంకట్ గారూ, మీరు "కోతి" అని ఒక్క మాటలో తేల్చేశారు గానీ అసలు వీళ్ళ హాస్యం ప్రాణమంతా అందులోనే ఉంది. అది బోర్నియో దీవి కోతి, దానికీ పోలండ్‌కీ ఏ సంబంధమూ లేదు. వేలాడే ముక్కు, బాన పొట్ట, లోకం మీద అలిగినట్టుండే చూపు చూసి ఎవరో "ఇదే మన సగటు పోలిష్ నాన్న" అన్నారు, అది అతుక్కుపోయింది. పేరు యానుష్, పెళ్ళాం గ్రజీనా, కొడుకు ప్యోతెర్. సెకండ్‌హ్యాండ్ పస్సాత్ డీజిల్ కారు, సాక్స్ మీద చెప్పులు, పక్కింటాయన కొత్త కారు కొంటే మూడు రోజులు అన్నం సహించదు.

మా ఆయన పోలిష్. మా మామగారు అచ్చం అదే టైపు, మీసంతో సహా. ఆ కోతి బొమ్మలు మా ఫ్యామిలీ గ్రూపులో ఎక్కువగా పెట్టేది కూడా ఆయనే! ఒక బొమ్మలో కోతి వంటగది సొరుగు తీసి నిలబడి ఉంటుంది. లోపల ఒక ప్లాస్టిక్ సంచి, ఆ సంచి నిండా కుక్కిన సంచులు. పారేద్దామా అని కొడుకు అడుగుతాడు, తండ్రి ముక్కు ఇంకా కిందికి జారుతుంది. అది చూసి నేను మా అమ్మకి ఫార్వర్డ్ చేశాను. తెనాలిలో మా వంటింట్లో తలుపు వెనక మేకుకి అచ్చం అలాంటి సంచే వేలాడుతుంటుంది. అమ్మకి పోలిష్ రాదు, కింద రాసింది చదవలేదు, అయినా నవ్వి నవ్వి ఫోన్ చేసింది. అందుకే నిలుస్తున్నాయండీ. ప్రతి ఇంట్లో ఒకాయన ఉన్నంతకాలం ఆ కోతికి చావు లేదు.

ఆర్కైవ్_ఆచారి
ఇక్కడ ఎవరూ మూలంలోకి వెళ్ళట్లేదు కాబట్టి చెప్పాల్సి వస్తోంది. నేను పోలిష్ సాహిత్యం ఇక్కడే యూనివర్సిటీలో చదివాను, మీమ్స్ సేకరించడం నాకు వ్యాపకం కాదు, చదువులో భాగం. బీవర్, కోతి ఇవన్నీ పైపై కొమ్మలు. వేరు కమ్యూనిస్టు కాలంలో ఉంది.

1981 డిసెంబర్ 13 ఆదివారం. పిల్లలు టీవీ ముందు కూర్చుని "తెలెరానెక్" అనే తమ పొద్దుటి ప్రోగ్రాం కోసం చూస్తున్నారు. అది రాలేదు. అప్పుడు దేశాన్ని నడిపిస్తున్న జనరల్ యరుజెల్స్కీ సైనిక దుస్తుల్లో వచ్చి మార్షల్ లా పెట్టామని చదివాడు. ఒక తరం మొత్తానికి దేశచరిత్ర అంటే ఆ రాని పిల్లల ప్రోగ్రామే. దుకాణాల్లో వెనిగర్ సీసాలు తప్ప ఏమీ ఉండని రోజులు. పాత కాగితాలు తూకానికి ఇచ్చి టాయిలెట్ పేపర్ చుట్టలు తెచ్చుకుని, దారానికి గుచ్చి మెడలో వేసుకుని ఇంటికి నడిచేవాళ్ళు. పేపర్లో మాత్రం ఉత్పత్తి పెరిగిందని రోజూ వార్త. రాసేదానికీ బతికేదానికీ పొంతన లేనప్పుడు తర్కం మీద నమ్మకం పోతుంది. అప్పుడు మిగిలేది ఈ హాస్యమే. స్తానిస్వాఫ్ బరేయా తీసిన "మిష్" సినిమాలో చవక హోటల్లో చెంచాలని టేబుల్‌కి గొలుసులతో కట్టేస్తారు, పళ్ళేల్ని స్క్రూలతో బిగించేస్తారు. ఇప్పటికీ ఏ ప్రభుత్వాఫీసు మెలిక పెట్టినా జనం ఆ చెంచా బొమ్మే పెడతారు.

లావణ్య గారూ, మీరుండే ఊళ్ళోనే ఇంకా పెద్ద సంగతి జరిగింది. గోడల మీద సాలిడారిటీ అనే కార్మిక సంఘం నినాదాలు రాస్తే పోలీసులు సున్నం కొట్టేసేవాళ్ళు. 1982లో "మేజర్" ఫిద్రిఖ్, అతని మిత్రులు ఆ సున్నం మచ్చల మీద టోపీ పెట్టుకున్న మరుగుజ్జుల బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. నినాదం రాస్తే జైలు, మరుగుజ్జు గీస్తే ఏ సెక్షన్ పెడతారు? 1988 జూన్ 1న నారింజ రంగు టోపీలు పెట్టుకుని వేలమంది వ్రోత్సవాఫ్ వీధుల్లోకి వచ్చారు. ఇలాంటి వేడుకల్లో పోలీసులు మరుగుజ్జుల్ని పట్టుకుని వ్యాన్లు ఎక్కించాల్సి వచ్చేది. నారింజ ప్రత్యామ్నాయం అంటారు ఆ ఉద్యమాన్ని. మీమ్ అంటే ఇదే. ఇంటర్నెట్ తరవాత వచ్చింది.

లావణ్య_వ్రోత్సవాఫ్
ఆచారి గారూ, ష్విద్నిత్స్కా వీధిలో 2001లో పెట్టిన మొదటి మరుగుజ్జు విగ్రహం మీదుగానే రోజూ పిల్లని బడికి తీసుకెళ్తాను. మీరు చెప్పిందాంట్లో తప్పేం లేదు. కానీ కొమ్మలు, వేర్లు అని మా మామగారి కోతిని తీసిపారేయకండి. ఆయన ఆ టాయిలెట్ పేపర్ దండ మెడలో వేసుకుని నడిచిన మనిషి. ఆయనకి చరిత్ర ఎవరూ చెప్పక్కర్లేదు, అయినా ఆయన నవ్వేది కోతిని చూసే.

క్రాకుఫ్_కుర్రాడు
ఆచారి అన్నా, నా రూమ్మేట్లు 2005 తరవాత పుట్టినోళ్ళు. తెలెరానెక్ వాళ్ళకి వాళ్ళ తాత చెప్పిన కథ. వాళ్ళు నవ్వేది కమ్యూనిజం మీద కాదు, తర్వాత వాళ్ళ మీద రుద్దిన గంభీరత మీద. 21:37 సంగతి చూడు. బిల్లు మొత్తం 21 జ్వోతీ 37 గ్రోషీలు వచ్చిందంటే చాలు, ఫొటో తీసి గ్రూపులో పడేస్తారు. బస్సు ఆ టైముకి వచ్చినా అంతే. రాత్రి ఫోన్లో 21:37 కాగానే ఎవడో ఒకడు "బార్కా" పాట ఎత్తుకుంటాడు, అది పోప్‌కి ఇష్టమైన భక్తిపాట. జోకు ఏదని అడిగితే జోకే లేదంటారు. ఆ అంకె కనిపించడమే జోకు.

జోసఫ్_ఫిరంగిపురం
చాలాసేపటి నుంచి చదువుతున్నాను, ఇక ఊరుకోలేను. 2005 ఏప్రిల్ 2 రాత్రి 21:37కి పోలండ్‌లో పుట్టిన రెండవ జాన్ పాల్ పోప్ గారు కన్నుమూశారు. అది ఆయన మరణ సమయం. ఆ విషయం ఒక్క ముక్క కూడా చెప్పకుండా "అంకె కనిపించడమే జోకు" అని రాశావు. 1986లో ఆయన మద్రాసు వచ్చినప్పుడు మా నాన్న ఊరి నుంచి రైలెక్కి వెళ్ళి జనంలో నిలబడి చూసొచ్చాడు. ఆ ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో ఏసుక్రీస్తు పటం పక్కన ఉంది. 2014లో ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. ఒక ముసలాయన ప్రాణం పోయిన నిమిషాన్ని పట్టుకుని నవ్వడానికి మీకు మనసెలా ఒప్పింది?

క్రాకుఫ్‌లో ఏప్రిల్ 2న ఫ్రాన్‌చిష్కాన్‌స్కా 3 నంబరు భవనం కిటికీ కింద జనం కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆయన ఆ కిటికీలోంచే కుర్రాళ్ళతో మాట్లాడేవారు. నేనూ వెళ్ళాను. మేం ప్రార్థన చేస్తుంటే పక్కన ముగ్గురు కుర్రాళ్ళు ఫోన్లో టైము చూసుకుంటూ, నిమిషం మారగానే కేకలు పెట్టి నవ్వారు. నా పక్కన ఒక ముసలమ్మ కన్నీళ్ళు తుడుచుకుంటోంది. దాన్ని హాస్యం అనకు.

క్రాకుఫ్_కుర్రాడు
జోసఫ్ అన్నా, కిటికీ కింద అరిచినోళ్ళది తప్పే, నేనెక్కడా సమర్థించలేదు. కానీ మీమ్ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడు. ఇక్కడ పుట్టిన పిల్లాడి బడికి ఆయన పేరు, ఆస్పత్రికి ఆయన పేరు, ఎయిర్‌పోర్టుకి ఆయన పేరు, వీధి మొదట్లో ఆయన విగ్రహం. ఆ విగ్రహాల్లో సగం ఆయన పోలికల్లోనే ఉండవు. 1999లో సొంతూరు వడోవిత్సేలో ఆయన చిన్నప్పుడు తిన్న క్రీమ్ కేకుల్ని తలుచుకుని నవ్వారు, మర్నాటి నుంచి ఊరంతా "పోప్ కేకులు" అని బోర్డులు. ప్రేమగా చెప్పిన చిన్న మాటని పెద్దోళ్ళే సరుకు చేశారు. పిల్లలు దాన్నే తిప్పికొట్టారు. వాళ్ళ కోపం మనిషి మీద కాదన్నా.

2020లో వార్సా నేషనల్ మ్యూజియం ముంగిట యెజీ కలీనా పెట్టిన శిల్పం సంగతే తీసుకో. పోప్ రెండు చేతులతో పెద్ద బండరాయి తల మీదికెత్తి ఎర్రనీళ్ళ కొలనులో నిలబడి ఉంటారు. అది గౌరవంతో చేసిన పనే. అంతకుముందు ఒక ఇటలీ శిల్పి పోప్ మీద ఉల్క పడినట్టు బొమ్మ చేశాడు, దానికి జవాబు అది. సాయంత్రానికల్లా ఆ రాయిని పోప్ ఎవరెవరి మీద విసురుతున్నారో వందల బొమ్మలొచ్చాయి. వెక్కిరించాలని ఎవరూ కాచుక్కూర్చోలేదు, శిల్పమే అలా ఉంది.

జోసఫ్_ఫిరంగిపురం
గౌరవంతో చేసిన పని అని నువ్వే రాశావు. మరి గౌరవం చూసి నవ్వొచ్చే తరానికి ఏదో పోయిందని నీకు అనిపించట్లేదా? ఇక్కడి చట్టంలో 196వ సెక్షన్ ఉంది, మతభావాల్ని గాయపరిస్తే రెండేళ్ళ దాకా జైలు. ఊరికే పెట్టలేదు.

పాలమూరు_పిలగాడు
మీమ్‌కు జైలేందన్నా?? గట్ల మాట్లాడితె ఎట్ల? మన దగ్గర దేవుళ్ళ మీద భక్తులే పాటలు కట్టి ఎకసెక్కాలాడ్తరు, నిందాస్తుతి అంటరు. భద్రాచలం రామదాసు రాముణ్ణి ఎవడబ్బ సొమ్మని నిలదీసిండు కదా.

జోసఫ్_ఫిరంగిపురం
రామదాసు జైల్లో కూర్చుని ఏడ్చి అడిగాడు తమ్ముడూ. నమ్మినవాడు అడగడం వేరు, నమ్మనివాడు ఎగతాళి చెయ్యడం వేరు. రెండూ ఒకటని నాకు చెప్పకు.

ఆర్కైవ్_ఆచారి
ఇద్దరూ సగమే మాట్లాడుతున్నారు. ఈ పసుపు మొహం బొమ్మలు కరాచన్ అనే అనామక ఇంటర్నెట్ బోర్డులో మొదలయ్యాయి. అక్కడ ఉద్దేశపూర్వకంగానే గాయపరచాలని చేశారు. అక్కణ్ణించి బయటికొచ్చి స్కూలు పిల్లల చేతిలో పడేసరికి విషం పోయింది, అంకె మిగిలింది. ఇప్పుడు 21:37 అనే పిల్లల్లో ఆదివారం పూజకి వెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు. జోసఫ్ గారు మొదటి దశ గురించి, కుర్రాడు రెండో దశ గురించి మాట్లాడుతున్నారు.

జోసఫ్_ఫిరంగిపురం
విషం పోయిందో లేదో తాగినవాళ్ళని అడగాలి ఆచారి గారూ.

మోడరేటర్
మతం మీద ఇంతకు మించి వద్దు. తరవాతి పోస్టు నుంచి తీసేస్తాను. ప్రశ్న మీమ్స్ ఎందుకు నిలుస్తున్నాయని.

గోదావరి_గగన్
అందరూ పోప్ దగ్గరే ఆగిపోయారు, పోలండ్‌బాల్ ఎవరికీ గుర్తు రాలేదేంటండీ? ఎరుపు, తెలుపు తలకిందులుగా ఉన్న గుండు బంతి. 2009లో జర్మన్ బోర్డు క్రౌట్‌చాన్‌లో పుట్టింది, పోలిష్ వాళ్ళు గీసింది కూడా కాదు, వాళ్ళని ఏడిపించడానికి వేరేవాళ్ళు గీసింది. దానిలో అన్నింటికన్నా పేరు మోసిన జోకేంటంటే, భూమి మీదికి ఉల్క వస్తుంటుంది, దేశాలన్నీ అంతరిక్షంలోకి ఎగిరిపోతాయి, పోలండ్ ఒక్కటే కన్నీళ్ళతో కింద మిగిలిపోతుంది. పోలిష్ వాళ్ళు దాన్నే తీసుకుని సొంతం చేసుకున్నారండీ. నిజానికి 1978లోనే హెర్మషెవ్స్కీ అనే పోలిష్ ఆయన సోయుజ్ నౌకలో అంతరిక్షానికి వెళ్ళొచ్చాడు, మన రాకేశ్ శర్మ కన్నా ఆరేళ్ళు ముందు.

2025 జూన్ 25న ఆక్సియమ్-4 యాత్రలో ఇంకో పోలిష్ ఆయన స్వావోష్ ఉజ్నాన్‌స్కీ వెళ్ళాడు, అదే నౌకలో మన శుభాంశు శుక్లా. ఆయన పియెరోగి (వాళ్ళ కుడుములు) తీసుకెళ్తే మనోడు క్యారెట్ హల్వా తీసుకెళ్ళాడు. ఆ రోజు మా ఆఫీసులో అందరం లాంచ్ చూశాం. నౌక లేవగానే మా పోలిష్ మేనేజరు కన్నీళ్ళు పెట్టుకుని గ్రూపులో ఆ బంతి బొమ్మ పెట్టాడు, నెత్తిన గాజుబుడ్డి హెల్మెట్‌తో. కింద ఏమీ రాయలేదు. పోలిష్ వాళ్ళూ మనవాళ్ళూ కలిసి చప్పట్లు కొట్టాం. పదహారేళ్ళ పాత జోకు ఆ రోజు నిజంగానే తీరిందండీ.

పాలమూరు_పిలగాడు
గగన్ అన్నా, గూస్‌బంప్స్. శుక్లా మామిడి రసం కూడ తీస్కపోయిండు, అది మర్సిపోయినవ్.

సుజాత_వూచ్
అమ్మలందరికీ ఒక మాట. తల ఊపుతూ ఆడే ఆవు వీడియో చంటిపిల్లలకి పెట్టకండి. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో "పాప అన్నం తినడానికి బాగుంది" అని తెగ తిరుగుతోంది. ఆ పాట సిపిస్ అనే ర్యాపర్‌ది, మొత్తం కొకైన్ గురించే. ఇక్కడ డేకేర్ టీచర్లు వింటే మొహం మొహం చూసుకుంటారు.

ఇక అసలు నాకు కోపం తెప్పించేది ఆ స్వెటర్ పెద్దాయన సంగతి. కొనొనోవిచ్ 2006లో బియావిస్టోక్ మేయర్‌గా నిలబడ్డాడు. దొంగతనాలుండవు, రౌడీలుండరు, అసలేమీ ఉండదు అని టీవీలో చెప్పాడు. దేశమంతా నవ్వింది. ఆ మాటలో ఏదో ఉందని నేనూ ఒప్పుకుంటాను, ప్రతి రాజకీయ నాయకుడి వాగ్దానం చివరికి అక్కడికే వస్తుంది. కానీ తరవాత ఏం చేశారు? చదువు సరిగా లేని, డబ్బుల్లేని మనిషి ఇంట్లో కెమెరాలు పెట్టి, రెచ్చగొట్టి, తిట్టించి, లైవ్‌లో జనం దగ్గర డబ్బులు పిండారు. 2025లో పోయాడు. పోయిన రోజు నివాళి అంటూ మళ్ళీ అవే క్లిప్పులు. 2011లో రాడోమ్‌లో క్రిస్మస్ విందు టేబుల్ మీంచి కూల్‌డ్రింకు సీసాలు సంచిలో వేసుకున్న ఆడమనిషిని ఏళ్ళ తరబడి వెంటాడారు. అసంబద్ధ హాస్యం గొప్పదే. కోతిని చూసి నవ్వండి, బీవర్‌ని చూసి నవ్వండి. బతికున్న పేదవాడిని మీమ్ చేస్తే వాడికి ఇంట్లోంచి బయటికి రావడం కూడా కష్టమవుతుంది.

క్రాకుఫ్_కుర్రాడు
సుజాత అక్కా, దీంతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తున్నా. అందుకే నాకు కల్పిత కథలే ఇష్టం, ఇక్కడ వాటిని పాస్తా అంటారు. "మా నాన్నకి చేపల పిచ్చి" అనే పాస్తా చదివారా? ఇల్లంతా గాలాలు. నెలకోసారి ఎవరో ఒకరు నేల మీద పడున్న గాలం తొక్కుతారు, కొసన ముల్లు వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి ఆస్పత్రికెళ్ళి తీయించుకోవాలి. నాన్నకి పట్టింపే ఉండదు, ఆయన పగంతా మత్స్యకారుల సంఘం మీద. 2017లో షార్ట్ ఫిల్మ్ కూడా తీశారు. పోలిష్ నేర్చుకునేవాళ్ళు దీంతో మొదలుపెట్టండి. చిన్న చిన్న వాక్యాలు, నిజమైన ఇంటి భాష, ఎవరికీ గాయం లేదు.

ఆర్కైవ్_ఆచారి
భాష నేర్చుకోవడానికి పాస్తా చెప్తావా? బూతులు తీసేస్తే అందులో పావు వంతు మిగలదు. కొత్తవాళ్ళు కవి గవ్చిన్‌స్కీ రాసిన "ఆకుపచ్చ బాతు" నాటికలతో మొదలుపెట్టాలి. 1946 నుంచి "ప్షెక్రుయ్" పత్రికలో వచ్చాయి, ఒక్కోటి అరపేజీ. తెర లేవగానే పడిపోయే నాటికలు కూడా ఉన్నాయి.

క్రాకుఫ్_కుర్రాడు
1946 భాష మాట్లాడితే సూపర్‌మార్కెట్ కౌంటర్ దగ్గర ఎవడికి అర్థమవుద్దన్నా!

సోస్నోవియెత్స్_సురేష్
వెంకట్ అన్నా, ఏవి పంపకూడదని అడిగావు, ఇంతమందిలో ఒక్కరూ సూటిగా చెప్పలేదు. నేను చెప్తాను. సోస్నోవియెత్స్ ఏదో వేరే దేశమన్నట్టు వేసే జోకులు పంపొద్దు. నేను ఈ ఊళ్ళో ఉంటాను, కతోవిత్సేలో పని చేస్తాను. ట్రైన్‌లో నాలుగు స్టేషన్లు కూడా ఉండవు. పొద్దున ఆఫీసుకి రాగానే "పాస్‌పోర్టు చూపించావా, వీసా దొరికిందా" అని మొదలుపెడతారు. మొదట్లో మన రంగు చూసి అంటున్నారనుకుని ఒకడితో గట్టిగానే గొడవపడ్డాను. నేను గొడవపడిందాంట్లో న్యాయముంది, విదేశీయుణ్ణి పట్టుకుని పాస్‌పోర్టు మాట ఎత్తకూడదు, అది వాళ్ళు కూడా ఒప్పుకున్నారు.

ఆర్కైవ్_ఆచారి
అది ఫుట్‌బాల్ క్లబ్బుల వైరం సురేష్ గారూ, మరీ లోతుగా తీసుకోకండి.

సోస్నోవియెత్స్_సురేష్
ఫుట్‌బాల్ తరవాత వచ్చింది సార్. మీరు వేర్ల గురించి అంత చెప్పి దీన్ని ఇలా తేల్చేస్తే ఎలా? 1795లో పోలండ్‌ని మూడు సామ్రాజ్యాలు పంచేసుకున్నాయి, 1918 దాకా ఆ దేశం మ్యాపులో లేదు. ఆ పాత సరిహద్దు మా ఊరి పక్కన బ్రినిత్సా నది మీదుగా పోయేది. ఇవతల రష్యా జార్, అవతల జర్మన్ కైజర్. అప్పట్లో ఆ వంతెన దాటాలంటే నిజంగానే కాగితం చూపించాలి. అవతలి సైలీషియా వాళ్ళ యాస వేరు, చట్టాలు వేరు, బళ్ళు వేరు. ఎవరూ నూరిపోయకుండానే వందేళ్ళ నాటి పాస్‌పోర్టు మాట మీమ్‌లో బతికి ఉంది. ఇప్పుడు నది మీద మామూలు రోడ్డు, ఆగే పనే లేదు, అయినా ప్రతి మీమ్‌లో అక్కడ కాపలావాడు నిలబడే ఉంటాడు.

మా ఊరివాళ్ళు ఆ జోకులు తమ మీద తామే వేసుకుంటారు, పక్క ఫ్లాటు పెద్దాయన నాకూ రెండు నేర్పాడు. కతోవిత్సే వాడు వేస్తే మాత్రం ఆయన తలుపేసుకుంటాడు. ఆంధ్రా, తెలంగాణ జోకులు ఎవరు వేస్తున్నారన్నదాన్ని బట్టి ఎంత మంట పుడుతుందో ఈ గ్రూపులో అందరికీ తెలుసు. మీ టీమ్‌లో ఎవరు ఏ ఊరివాళ్ళో కనుక్కోకుండా పంపొద్దు వెంకట్ అన్నా. బీవర్ పంపు, దానికి ఏ ఊరివాళ్ళూ అలగరు.